విరామంలో అన్న మాట

ఆ మంగళవారం ఉదయం మా ఇంట్లో ఫ్లాస్కు గురించి గొడవ జరిగింది. ఉన్నది ఒకటే. నీలం రంగుది, మూత మీద చిన్న సొట్ట. మావారి ఆఫీసులో టీ యంత్రం పాడైందట. నాకేమో మధ్యాహ్నం వార్డు సభ వీడియో తీసే పని.

"రెండు గంటల పనికి నీకు టీ ఎందుకు?" అన్నారాయన.

"మీకు మాత్రం ఎందుకు? నీళ్ళు తాగి పని చేసుకోండి."

"వార్డు ఆఫీసు ఎదురుగా హోటలు ఉందిగా."

"కెమెరా కాళ్ళు ముడుచుకుని నా వెంట హోటలుకి వస్తుందా?"

మా వదిన, అంటే మావారి అక్క, కుట్టుమిషను సూదికి దారం ఎక్కిస్తూ తలెత్తకుండా అంది. "ఒరేయ్, చిన్నప్పుడు నీళ్ళసీసా కోసం నాతోనూ ఇలాగే కొట్లాడేవాడివి."

అది ఎవరి పక్షమో తేల్చుకునేలోగా ఆయన ఫ్లాస్కు సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయారు.

మా వార్డులో సభలకు ఎవరూ రారు. ఏం తీర్మానించారో నోటీసు బోర్డు మీద అంటించాకే తెలుస్తుంది. అందుకని రెండేళ్ళ కిందట మేం ఏడుగురం కలిసి, వంతులవారీగా ప్రతి సభనూ వీడియో తీసి అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాం. దీన్ని నడిపించేది రిటైరైన ఫిజిక్సు మాస్టారు. ఆయన నియమాలు మూడు. గంట కొట్టాక మొదలుపెట్టిన కెమెరా మళ్ళీ గంట కొట్టేదాకా ఆపకూడదు. సభ వాళ్ళిచ్చింది, మంచినీళ్ళతో సహా, ఏదీ పుచ్చుకోకూడదు. కెమెరా పట్టినవాళ్ళు మాట్లాడకూడదు, మాట్లాడినవాళ్ళు ఇక కెమెరా పట్టకూడదు. నాకు ఆ పని ఇష్టం. ఇంట్లో రోజంతా అందరికీ జవాబులు చెప్పేదాన్ని, అక్కడ రెండు గంటలు నోరు విప్పక్కర్లేదు.

ఆ రోజు సభ మామూలుగానే సాగింది. ఎనిమిది అంశాలయ్యాక విరామం గంట కొట్టారు, కెమెరా ఆపాను. తల నొప్పిగా ఉంది. పక్కగదిలోంచి టీ వాసన వస్తోంది. ఫ్లాస్కు ఉంటే ఎప్పటిలా నా మూల కుర్చీలోనే కూర్చునేదాన్ని. లేదు కాబట్టి వెళ్ళి ఒక కప్పు తాగాను. మాస్టారికి తెలిస్తే ఏమంటారో అనుకుంటూ గబగబా తాగి, పలకరించిన వాళ్ళతో ఏవో నాలుగు మాటలు మాట్లాడి వచ్చేశాను.

శుక్రవారం పొద్దున వదిన తన కుట్టు దుకాణం నుంచి చెప్పులతోనే వంటింట్లోకి వచ్చింది.

"వంతెన మూసేస్తున్నారట. బోర్డు మీద అంటించారు. నువ్వు అక్కడే ఉన్నావుగా, నాకొక్క మాట చెప్పలేదేం?"

రైలు పట్టాల మీది ఇనుప కాలివంతెన అది. ఇటు దిగే మెట్ల పక్కనే వదిన దుకాణం. అవతల పెద్దాసుపత్రి. నర్సులు డ్యూటీ దిగి యూనిఫారాలు పొడవు తగ్గించమనో, నడుము వదులు చేయమనో ఇచ్చి వెళ్తారు. వంతెన లేకపోతే రైల్వే గేటు దాకా వెళ్ళి చుట్టూ తిరిగి రావాలి. గౌను అంచు మడిపించుకోవడానికి అంత దూరం ఎవరొస్తారు? భర్త పోయాక వదిన తన కాళ్ళ మీద నిలబడింది ఆ దుకాణంతోనే.

"వంతెన మాటే రాలేదు వదినా," అన్నాను.

"మాట రాకుండానే మూసేశారా?"

వీడియో పెట్టి చూశాం. ఒకసారి మామూలుగా, ఒకసారి ఆపి ఆపి. చెత్తబండ్ల వేళలు, పార్కు గోడ, దోమల మందు. విరామం. తెర నల్లబడి మళ్ళీ వెలిగింది. అధ్యక్షురాలు కాగితం తిప్పి, "తొమ్మిదో అంశం ఆమోదించాం, పదో అంశం" అన్నారు. తొమ్మిదో అంశం అంతే. నిమిషం కూడా లేదు.

మూడోసారి చూస్తుంటే మా అమ్మాయి వచ్చి వెనక నిలబడింది. "అమ్మా, నిద్రపోయావేమో."

"నిద్రపోతే కెమెరా కూడా నిద్రపోతుందా?" అన్నానే గానీ, నాకే అనుమానం వచ్చింది. నేను చూసిన సభ, బోర్డు మీది సభ ఒకటేనా?

నేనే వెళ్ళి బోర్డు మీద తొమ్మిదో అంశం చదివాను. "సభకు హాజరైన పౌరుల అభిప్రాయాన్ని కూడా పరిగణనలోకి తీసుకుని, శిథిలావస్థలో ఉన్న కాలివంతెనను శాశ్వతంగా మూసివేయుటకు ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. అభ్యంతరములు వచ్చే గురువారం సభలో విచారించబడును." రెండుసార్లు చదివాను. ఏ పౌరులు? ఆ గదిలో సభ్యులూ, ఉద్యోగులూ తప్ప ఈగ కూడా లేదు.

లోపల గుమాస్తాను అడిగాను. ఆయన ఓపికగా హాజరు పుస్తకం తీసి నా వైపు తిప్పారు. పౌరుల పేజీలో ఒకటే సంతకం ఉంది. నాదే, కెమెరాతో లోపలికి వెళ్ళేటప్పుడు పెట్టింది.

"మీరేనండీ," అన్నారు.

"నేనేమన్నాను?"

"వంతెన ఊగుతుందన్నారట కదా. ఇంజినీరు గారు చెప్పారు."

అప్పుడు గుర్తొచ్చింది. మెడలో ఎప్పుడూ కొలత టేపు వేసుకుని తిరిగే ఇంజినీరు, అందరూ టేపుగారంటారు, కప్పు నా చేతికిస్తూ, "ఎప్పుడూ ఆ వంతెన మీదుగానే వస్తారటగా, ఊగుతోందా అమ్మా?" అని అడిగారు. "ఊగుతుందండీ, కింద రైలు వెళ్ళేటప్పుడు మరీనూ," అన్నాను. పక్కన అధ్యక్షురాలు తలాడించారు. ఎండ గురించి, వాన గురించి మాట్లాడినట్టే మాట్లాడాను.

"ఊగుతుందన్నాను గానీ మూయమనలేదండీ."

"ఊగేదాన్ని మూయక ఏం చేస్తారమ్మా?"

"బాగుచేస్తారు."

"ఆ మాట మీరు అనలేదుగా."

నిజమే, అనలేదు. "టీ తాగుతూ అన్నది సభలో అన్నట్టెలా అవుతుంది?"

ఆయన నిజంగానే ఆలోచించారు. "అధ్యక్షురాలు, ఆరుగురు సభ్యులు, ఇంజినీరు గారు, నేను, మీరు. అందరం ఉన్నాం. గది మారిందండీ, అంతే."

ఆయన వెటకారమాడుతున్నారేమోనని ముఖంలోకి చూశాను. లేదు. ఆయన దృష్టిలో ఏ తప్పూ జరగలేదు. బయటికొచ్చాక నాకూ ఎక్కడ తప్పు జరిగిందో వేలు పెట్టి చూపించడం చేతకాలేదు. నేను అబద్ధం చెప్పలేదు. వాళ్ళూ నేను అనని మాట రాయలేదు. మధ్యలో వంతెన పోయింది.

మాస్టారింటికి వెళ్ళి సంగతి చెప్పాను.

"మీరు మాట్లాడారా?"

"టీ తాగాను మాస్టారూ, అప్పుడు."

"టీ కూడానా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. గొంతు తగ్గించారు. "సరే. వీడియోలో చర్చ లేదు. చర్చ లేని తీర్మానం చెల్లదని గురువారం నేను అభ్యంతరం చెబుతాను. మన దగ్గర లేనిది జరగనట్టే. మీరు టీ సంగతి ఎత్తకండి, మీ వదినగారి దుకాణం నిలబడుతుంది."

అది వినగానే ముందు హాయిగా అనిపించింది. వంతెన ఎక్కేదాకా ఆ హాయి ఉంది. నడిమధ్యలో ఉండగా కింద రైలు వచ్చింది. కాళ్ళ కింద రేకులు దడదడలాడాయి, కమ్మీ నా చేతిలో వణికింది. ఎదురుగా ఒక నర్సు, చేతిలో వదిన దుకాణం సంచితో, నాలాగే కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. రైలు దాటాక ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వాం. ఊగుతుంది, నిజంగా ఊగుతుంది. జరిగింది జరిగినట్టు చూపిస్తామని రెండేళ్ళుగా చెప్పుకున్న మేము, ఇప్పుడు నల్లబడిన తెరను సాక్ష్యంగా పెడతామా? పెట్టకపోతే వదిన ముఖం ఎలా చూడను? ఇల్లు చేరేదాకా ఒకసారి ఇటు, ఒకసారి అటు అనుకుంటూనే ఉన్నాను.

బుధవారం సెలవు కావడంతో మధ్యాహ్నం అందరం కలిసి భోజనానికి కూర్చున్నాం. వదిన కంచంలో అన్నం కెలుకుతోంది.

"అసలు ఊగుతుందని వాళ్ళకి చెప్పిన మహానుభావులెవరో," అంది.

"నేనే వదినా," అన్నాను.

మావారి చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. టీ దగ్గర్నుంచి హాజరు పుస్తకం దాకా, మాస్టారి సలహాతో సహా, అంతా చెప్పాను.

"మరి ఊగుతుంది కదత్తా," అని మా అమ్మాయి గొణిగింది. "నువ్వే రోజూ అంటావుగా, వెధవ వంతెన, ఎప్పుడు కూలుతుందోనని."

"నేను ఇంట్లో అంటాను," అంది వదిన. "ఆఫీసులో టీ తాగుతూ అనను." నా వైపు చూడకుండానే, "ఆ మాస్టారు చెప్పినట్టు ఊరుకుంటే నిలబడుతుందా?" అని అడిగింది.

"నిలబడొచ్చు. తర్వాత ఎవరైనా జారిపడితే, నేను నోరు మూసుకున్నందుకే పడ్డారని నాకు తెలుస్తుంది. నీకూ తెలుస్తుంది."

వదిన కూర గిన్నె నా వైపు జరిపింది. అది కోపంతో జరిపిందో, తినమని జరిపిందో తెలియలేదు.

"రేపు కెమెరా వెనక నేను కూర్చోను," అన్నాను. "ఇంకెప్పుడూ కూర్చోను. పౌరుల కుర్చీలో కూర్చుని, ఊగుతుందన్నది నేనే, టీ దగ్గర అన్నాను, మూయమనలేదు, బాగుచేయమంటున్నాను అని చెబుతాను. వదినా, నువ్వూ రా. ఆ నర్సుల్నీ పిలువు. అందరం పుస్తకంలో సంతకం పెడదాం."

"మరి కెమెరా ఎవరు పడతారు?" అన్నారు మావారు.

"మీరే. సెలవు పెట్టండి. గంట కొట్టినా ఆపకండి, వాళ్ళు ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి వెళ్ళండి. ఎవరైనా వద్దంటే ఆ వద్దన్నది కూడా తీయండి. ఫ్లాస్కు మీ దగ్గరే ఉంది కదా, టీ ఇంటి నుంచే పట్టుకెళ్ళండి."