పౌడరు అంటిన చోటు

మల్లెపూల వాసన.

పూలది కాదు, పౌడరుది. మొగుడు బాలరాజు చొక్కా చేతి మీద తెల్లగా అంటిన పౌడరుది.

ఉతకబోయిన చొక్కాను జములమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. తన పౌడరే... గూట్లో చూస్తే డబ్బా లేదు.

నా పౌడరు వట్టుకపోయి ఎవతికి పూస్తుండు?

వనపర్తిలో కార్ల సొట్టలు తీసే మనిషికి పౌడరుతో ఏం పని? సద్ది గిన్నె మీద మూత పెట్టేసి, పెద్దమందడిలో ఆటో ఎక్కింది. దారి పొడుగునా కంది చేలు... ఏ చేను వైపు చూసినా ఒకటే మొహం. తను ఎన్నడూ చూడని ఆడదాని మొహం. తెల్లగా, నున్నగా.

దొరకనీ. జుట్టు వట్టి గుంజుత.

షెడ్డులో ఆడమనిషి లేదు.

కారు ఉంది. గద్వాల చీరల సేటుది. వెనక నుంచి లారీ గుద్దింది. డిక్కీ మూత సరిగ్గా కూర్చోక, వాన పడితే నీళ్లు లోపలికి దిగుతున్నాయట. డిక్కీ అంచు రబ్బరుకు బాలరాజు పౌడరు అద్దుతున్నాడు. ఆమె డబ్బాలోదే. మెల్లగా... పెళ్లికూతురికి అద్దినట్టు.

మూత వేశాడు. తీశాడు. రబ్బరు తగిలిన మేర మూతకు తెల్ల గీత పడింది. ఒక మూల మాత్రం పడలేదు.

“ఈడ తగుల్తలేవే నువ్వు,” అన్నాడు డిక్కీతో. “ఆగు, జర సదురుత.”

బోల్టు వదులు చేశాడు. మూతను వెంట్రుకంత జరిపాడు. బిగించాడు. సందు వెంట వేలితో నిమిరాడు.

జములమ్మకు నవ్వు రావాలి. రాలేదు.

ఆడదైతే నయం... జుట్టన్నా దొరికేది. దీనికి జుట్టెక్కడిది?

తనకు ఎక్కడ తగలడం లేదో ఏనాడైనా చూశాడా? ‘ఆగు, జర సదురుత’ అని ఏనాడైనా అన్నాడా? ఇనుప మూత మీద కుళ్లుకుంటున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా కుళ్లు తగ్గలేదు.

“వచ్చినవా! మంచిగైంది. ఆ మూల వట్టుకో.” ఎందుకొచ్చావని అడగనైనా లేదు.

పట్టుకుంది. అతని వేలు సందు వెంట వచ్చింది... ఆమె చెయ్యి దాకా వచ్చింది. చెయ్యి దాటి, అవతల మళ్లీ సందు అందుకుంది.

మూత టక్కున కూర్చుంది. ఈసారి తెల్ల గీత ఎక్కడా తెగలేదు. బాలరాజు మొహం వెలిగిపోయింది.

“పౌడరు నాదే గదా?”

“నీదే. తగిలిన కాడ అంటుతది, తగలని కాడ అంటదు. గంతే.”

సాయంత్రం అతని మోటారుబండి ఎక్కే ముందు జములమ్మ డబ్బా లాక్కుని చెంపకు పూసుకుంది. మందంగా. వెనక కూర్చుని, అతని వీపు దగ్గరికి చెంప తెచ్చింది... ఆనించలేదు. వెంట్రుకంత సందు వదిలింది.

ఆ సందు అతనే దాటాలి.

కంది చేలు వెనక్కి పోయాయి. గుంతలో ఒకసారి ఏదో తగిలినట్టే ఉంది. అతనే వెనక్కి వాలాడో... బండే కుదిపిందో...

ఇంటి ముందు బండి ఆగింది. బాలరాజు దిగి లోపలికి నడిచాడు, వీపు ఆమె వైపు పెట్టి.

చొక్కా మీద తెల్లగా అంటిందో లేదో చూడటానికి జములమ్మ తల ఎత్తలేదు.

వాసన మాత్రం వస్తోంది. మల్లెపూలది కాదు... పౌడరుది.