మడత కింద

వైద్య కళాశాలలో నాది ఉత్తుత్తి రోగి ఉద్యోగం. వాళ్లు చెప్పిన జబ్బును నేను నటిస్తాను, విద్యార్థులు నన్ను పరీక్ష చేసి నేర్చుకుంటారు. లావుపాటి మనిషిని ఎలా ముట్టుకోవాలో, ఎలా మాట్లాడాలో నేర్పడానికి నాకంటే నిండైన మనిషి వాళ్లకు దొరకలేదు. గంట మోగేదాకా పాత్రలోంచి బయటికి రాకూడదన్నది అక్కడి నియమం.

ఆ రోజు నా పాత్రకు కడుపునొప్పి. ఖర్మ కాకపోతే, తెల్లవారినప్పటి నుంచి నాకు నిజంగానే కడుపునొప్పి, పైగా వాంతులు. ఆస్పత్రికి పోదాం అత్తయ్యా అని కోడలు ఒకటే పోరు.

"పోతే ఏమంటారో నాకు తెలీదా? ముందు బరువు తగ్గమంటారు" అని కసిరాను.

మా చెల్లెల్ని అలాగే అని తిప్పి పంపారు. తగ్గింది పాపం. క్యాన్సర్ తగ్గించింది. ఆ కోపం నాకింకా ఆరలేదు.

మొదటి విద్యార్థి వస్తూనే పిండి పిసికినట్టు పొట్ట పిసికాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు. ప్రాణం పోయినంత పనై కేక పెట్టాను.

"అబ్బ, ఎంత బాగా చేస్తున్నారండీ!" అని మెచ్చుకున్నాడు. ఆ వెంటనే, "కాస్త బరువు తగ్గాలమ్మా" అని ముగించాడు.

నువ్వు కాస్త బుర్ర పెంచు నాయనా అందామనుకున్నాను. 

మూలన కూర్చున్న ప్రొఫెసరమ్మ కూడా మెచ్చుకోలుగా తల ఊపింది. నిజం చెప్పేద్దామా అనిపించింది. చెబితే ఆస్పత్రి మంచం, ఆ మంచం పక్కన మళ్లీ అదే మాట. పళ్లబిగువున పడుకున్నాను. చెమటకు దుప్పటి తడిసిపోయింది. ఇది గ్యాసు కాదని తెలుస్తున్నకొద్దీ భయం పెరిగింది.

తర్వాత వచ్చిన పిల్లను తోటివాళ్లు నత్త అంటారు. ప్రతి పనీ నెమ్మదే. చేతులు రుద్దుకుని వెచ్చచేసుకుంది.

"ముట్టుకోనాండీ? నొప్పి ఎక్కడో మీరే వేలితో చూపించండి."

చూపించాను. పొట్ట కింద, తొడ మొదట్లో.

"పొట్ట మడత పైకెత్తి చూస్తాను. ఇబ్బందైతే చెప్పండి."

ఆ మడత ఎత్తిన డాక్టరు ఇంతవరకూ లేడు. నేనే చూసుకుని ఎన్నాళ్లయిందో.

ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది. దగ్గమంది. దగ్గాను. వేళ్లతో మెల్లగా తడిమింది.

"మేడమ్, ఇక్కడ గట్టిగా గడ్డ ఉంది. చుట్టూ ఎర్రగా ఉంది."

"ఈ పాత్రలో గడ్డ లేదే. టైమైపోతోంది, కానివ్వు" అంది ప్రొఫెసరమ్మ.

పిల్ల మొహం పాలిపోయింది. అయినా మడత వదల్లేదు. నా మీదికి వంగి గుసగుసగా అడిగింది.

"అమ్మా, ఇది నటనేనా?"

గంట ఇంకా మోగలేదు. అవునంటే చాలు, నా పంతం నెగ్గుతుంది. కానీ పంతం ప్రాణం మీదికి తెచ్చిందని అప్పటికి నాకు అర్థమైంది. చచ్చిపోతానని భయమేసింది.

"కాదమ్మా, నిజమే. పొద్దుట్నుంచీ వాంతులు కూడా."

ప్రొఫెసరమ్మ లేచిన విసురుకు కుర్చీ పడిపోయింది. తనూ తడిమి చూసింది.

"హెర్నియా, పేగు ఇరుక్కుంది. ట్రాలీ తీసుకురండి!" అని అరిచింది. నా నటన మెచ్చుకున్నవాడే పరుగెత్తాడు.

ఆపరేషన్ గది తలుపు దగ్గర సర్జన్ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఈ బరువుతో ఎలాగమ్మా? ఇన్నాళ్లూ తగ్గకుండా ఏం చేశారు?"

ట్రాలీ కమ్మీ పట్టుకుని నిలబడ్డ నత్త కలగజేసుకుంది.

"బరువు సంగతి రేపు చూద్దాం సార్. ముందు ఈవిడకు రేపంటూ ఉండాలి కదా."

సర్జన్ వంగి మడత ఎత్తాడు.

నాకు ఏడుపు ఆగలేదు. నొప్పికనుకుని ఆ పిల్ల నా చేయి పట్టుకుంది. ఆ ఒక్క మాట అనడానికి మా చెల్లెలి పక్కన ఎవరూ లేకపోయారు.