సర్కారువారిచ్చిన కొత్త గంట

సాంబమూర్తి ఊపు మీదున్నప్పుడు మగ్గంలో పోగు మోసే నాడె ఆ కొస నుంచి ఈ కొసకి ఎంత జోరుగా పరిగెత్తేదంటే, పక్కింటి పిల్లి దాన్ని ఎలకనుకుని గుమ్మంలో కూర్చుని మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ, చివరికి మెడ పట్టేసి, కొన్నాళ్ళపాటు ఎడమపక్క ఎలకల్ని మాత్రమే పట్టింది. కుడిపక్క ఎలకలు ఆ రోజుల్లో బాగా ఒళ్ళు చేశాయని సాలెపేటలో ఇప్పటికీ చెబుతారు. ఊపు లేనప్పుడు సంగతి వేరు. అదే నాడె మీద సాలీడు గూడు కట్టి, పిల్లల్ని పెట్టి, ఆ పిల్లలకి సంబంధాలు చూసినా సాంబమూర్తికి తెలిసేది కాదు.

మరి ఊపంతా ఎక్కడికి పోయేదంటే, జనానికి పోయేది. కాదనడం ఆయనకి పుట్టుకతోనే రాదు. ఎవరొచ్చి ఏమడిగినా, అడగడం పూర్తి కాకముందే "అలాగే" అనేవాడు. ఒకసారి ఒకే పూట రెండూళ్ళ పెళ్ళిళ్ళకి మద్దెల వాయిస్తానని ఒప్పుకుని, ఎటూ తేల్చుకోలేక, రెండూళ్ళ మధ్య కాలవ గట్టు మీద నిలబడి ఇద్దరికీ వినపడేట్టు వాయించాడు. రెండు పెళ్ళిళ్ళూ జరిగాయి. తాళం మాత్రం ఏ ఊళ్ళోనూ కలవలేదు.

కంకిపాడు అవతల, కాలవ పక్కన ఉంది ఆ సాలెపేట. ఆ యేడు కార్తీకంలో కంకిపాడు రైతు వెంకటకృష్ణారావుగారి అమ్మాయి రాజ్యలక్ష్మి పెళ్ళి. ఆ ఇంట్లో ఎవరు పీటల మీద కూర్చున్నా, కట్టుకునే మధుపర్కాలు సాంబమూర్తి ఇంటి మగ్గం మీద దిగినవే. తాతల నాటి నుంచీ అంతే. తెల్లటి నేత, సన్నటి ఎర్రంచు, మెత్తగా వెన్నలా ఉండాలి. యుద్ధం రోజులు కావడంతో నూలు దొరకడం గగనమైపోయింది. ఉన్న నేతగాళ్ళలో సగంమంది మగ్గాలు అటకెక్కించారు. సాంబమూర్తికి ఇంకా పేరు మిగిలి ఉందంటే ఆ ఇంటి మధుపర్కాల వల్లే. అవి పోయాయంటే ఆ చుట్టుపక్కల నాలుగూళ్ళవాళ్ళూ బెజవాడ కొట్లో మిల్లుగుడ్డ కొనుక్కుంటారు. ఆయన తాత కూర్చున్న మగ్గం గుంటలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటాయి.

నూలు మూటలు బెజవాడ నుంచి పడవలో వేసుకొచ్చేది బసవయ్య. వినాయకచవితి ముందు, మూటతో పాటు ఒక కబురు కూడా తెచ్చాడు. యుద్ధం కోసమని సర్కారువారు దేశంలో గడియారాలన్నిటినీ గంట ముందుకి తిప్పించారనీ, రైళ్ళూ కచేరీలూ ఇకనించి కొత్త టైము ప్రకారమే నడుస్తాయనీ చెప్పాడు.

పేట మొత్తానికి గోడగడియారం ఉన్నది ఆదిశేషయ్య ఇంట్లోనే. ఆయన సాంబమూర్తికి బావ వరస, భజన బృందానికి పెద్ద. ఆయన ముక్కాలిపీట ఎక్కి ముల్లు తిప్పుతుంటే పేటంతా వాకిట్లో నిలబడి, దేవుడికి అభిషేకం చూసినట్టు చూసింది. సాంబమూర్తి కూడా చూశాడు. చూసి ఊరుకోక, సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూశాడు. నిన్న ఆరింటికి కూకిన పొద్దు ఇవాళ ఏడింటికి కూకింది. అంటే పగలు గంట పొడుగైందన్నమాట. మర్నాడు పొద్దున సూర్యుడు కూడా గంట ఆలస్యంగా వచ్చాడన్న సంగతి ఆయన చూడలేదు. ఆ వేళకి ఆయన నిద్రపోతున్నాడు.

ఆ సంతోషంలో సాంబమూర్తి కొత్త గంటని పంచడం మొదలుపెట్టాడు. మధుపర్కాల మాట అడగడానికి వచ్చిన వెంకటకృష్ణారావుగారితో, సర్కారువారిచ్చిన గంటలో నేసేస్తాను, తమరు నిశ్చింతగా ఉండండన్నాడు. కార్తీకమాసం భజనలకి పొద్దున్నే మద్దెల సాధన చెయ్యాలని ఆదిశేషయ్య అడిగితే, ఆ గంటే ఆయనకీ ఇచ్చాడు. ఎదురింటి సంపూర్ణమ్మ రాట్నం కుంటుతోందంటే ఆ గంటలోనే బాగు చేస్తానన్నాడు. బసవయ్య కూడా ఆ గంటలోనే తెరచాపకి కొత్త అంచు కుట్టించుకోవడానికి తయారయ్యాడు. ఇంట్లో భార్య చౌడేశ్వరి వంటింటి కప్పు కారుతోందని గుర్తు చేస్తే, దానికీ ఆ గంటే. అన్ని ముక్కలు చేసినా ఆ గంట ఇంకా మిగిలే ఉందని ఆయన నమ్మకం.

తీరా చూస్తే పొద్దున్నే లేచేసరికి అరుగు నిండా జనం. కొత్త ఏడింటికి రమ్మన్నావు కదా అని ఒకరు, పాత ఏడు అనుకున్నానని ఇంకొకరు. మద్దెల వాయించి, రాట్నం విప్పి, తెరచాప పరిచి, లోకం కబుర్లన్నీ ఆడి, ఆయన మగ్గంలో దిగేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. అప్పటికి ఒంట్లో సత్తువంతా నోటి దారిన పోయేది. కాళ్ళు తొక్కుడు చెక్కల మీద, తల ఎదురుగా ఉన్న అచ్చు చట్రం మీద. కునికిపాట్లలో నాడె విసిరితే పోగులు పుటుక్కుమనేవి. తెగిన పోగులు అతకడానికే సాయంత్రమయ్యేది. సాయంత్రమైతే మళ్ళీ అరుగు.

దీపావళి దాటాక వెంకటకృష్ణారావుగారు బండి కట్టించుకుని తనే వచ్చారు. మగ్గం మీద ఉన్నది మూరెడు గుడ్డ. అందులోనూ ఎర్రంచు ఏరు పారినట్టు వంకర్లు పోయింది. ఆయన కేకలెయ్యలేదు. కేకలేస్తే సాంబమూర్తికి బాగానే ఉండేది.

"వచ్చే శుక్రవారం మంచిది. పసుపు కొట్టేది ఆవేళే," అన్నారాయన నెమ్మదిగా. "అప్పటికి బట్టలు అందితే సరే. లేకపోతే నేను బెజవాడ వెళ్ళొస్తాను సాంబమూర్తీ. నువ్వేమీ అనుకోకు."

ఆయన బండి మలుపు తిరిగేదాకా సాంబమూర్తి వాకిట్లోనే నిలబడ్డాడు. ఆ సాయంత్రం అరుగు మీదికి వెళ్ళలేదు. అన్నం దగ్గర కూర్చుని, సర్కారువాడు గంట ఇచ్చినా తనకి కలిసిరాలేదని వాపోయాడు.

చౌడేశ్వరి మజ్జిగ పోస్తూ ఆ గంట ఎక్కడుందో చూపించమంది. ఆయన పొద్దుకూకడం గురించి, గడియారం గురించి మొత్తం లెక్క చెప్పాడు. ఆమె విని, చెంబు కింద పెట్టి, నవ్వాపుకోడానికి కాసేపు గోడవైపు తిరిగింది.

"పొద్దున కూడా గంట ఆలస్యంగానే తెల్లారుతోంది కదయ్యా. ఇన్నేళ్ళ నుంచీ నేస్తున్నావు, ఒక కొస చూసి పంచె పొడుగు చెబుతావా?"

సాంబమూర్తి ముద్ద చేతిలో పట్టుకుని, తెల్లవారడం దగ్గర్నుంచి లెక్క మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన మొహంలో ఆ గంట పోవడం కళ్ళకి కట్టినట్టు కనిపించింది. దగ్గర చుట్టం పోయినవాడిలా అయిపోయాడు.

ఆమె అంతటితో ఊరుకోలేదు. గంట పెరగలేదు సరే, ఉన్న గంటల్లో మంచిది ఏదో తనకి తెలుసంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఏ పెద్ద పండక్కో తెల్లారకుండా లేచి, ఎవరితోనూ మాట కలపకుండా ఆయన మగ్గంలో దిగిన రోజున మూర మీద మూర దిగుతుందని ఆమె ఏనాడో గమనించింది. ఆయన ఊపు పొద్దున పొంగే పాల లాంటిదనీ, వచ్చినవాడికల్లా గ్లాసెడు పోస్తే గిన్నె ఖాళీ అవుతుందనీ చెప్పింది. ఈ వారం రోజులూ తను చెప్పినట్టు నడవాలంది. దానికీ సాంబమూర్తి "అలాగే" అన్నాడు. ఆ ఒక్కసారికి ఆ మాట అక్కరకొచ్చింది.

మర్నాటి నుంచి ఇంటి నడక మారింది. చౌడేశ్వరి రేపటి నూలు కండెలు ఇవాళే చుట్టి, నీళ్ళలో నానేసి, మగ్గం పక్కన పెట్టేది. మసక వెలుతురులోనే లేపి, ఉల్లిపాయతో చద్దన్నం పెట్టేది. వేడివేడిగా కడుపు నిండా తింటే మగ్గంలో గురక వస్తుందని ఆమె లెక్క. మధ్యాహ్నం భోంచేశాక చాప పరిచి, కాసేపు పడుకోమనేది. పగలు పడుకోవడం సోమరితనమని ఆయన గొణిగితే, మగ్గంలో కూర్చుని పడుకోవడంకంటే చాప మీద పడుకోవడం నయమనేది. కబుర్లు దీపాలు పెట్టాకే.

ఇక మిగిలింది జనం. వాళ్ళ కోసం చౌడేశ్వరి రాట్నం తెచ్చుకుని వీధిగుమ్మంలో అడ్డంగా కూర్చుంది.

మొదట వచ్చింది ఆదిశేషయ్య. ఏడింటికి సాధన అన్నాడు కదమ్మా, ఏడయిందన్నాడు.

"కొత్త ఏడా, పాత ఏడా అన్నయ్యా?"

"కొత్తదే. మన గడియారం కొత్తదే కదా."

మా ఇంట్లో ఇంకా పాత టైమే నడుస్తోంది, ఇప్పుడు ఆరే అయిందని చెప్పి పంపించేసింది. ఆయన వెళ్ళి, గడియారం ముందు కూర్చుని, సరిగ్గా గంట గడిపి మళ్ళీ వచ్చాడు. అయ్యో, ఇందాక మీరు చెప్పారని మేమూ కొత్త టైములోకి మారిపోయాం అన్నయ్యా, ఇప్పుడు ఎనిమిది, ఆ ఏడు వెళ్ళిపోయిందంది. ఆదిశేషయ్య వేళ్ళు ముడుస్తూ, విప్పుతూ ఇంటికి నడిచాడు. ఇద్దరూ చెప్పింది నిజమే, మరి ఏడు ఎప్పుడయినట్టు? ఆ సందేహంతో ఆయన గడియారాన్ని ముందుకీ వెనక్కీ ఎన్నిసార్లు తిప్పాడంటే, అది విసిగిపోయి ఒకరోజు పదమూడు కొట్టిందని బసవయ్య పడవెక్కినవాళ్ళందరికీ చెప్పేవాడు.

సంపూర్ణమ్మకి గడియారంతో పనిలేదు. కోడి కూయగానే వచ్చింది. మీ కోడి పాత టైముకి కూసిందా, కొత్త టైముకి కూసిందా కనుక్కు రా వదినా అని పంపింది చౌడేశ్వరి. ఆవిడ నిజంగానే కోడి దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు మళ్ళీ రాలేదు.

పాత టైముకీ కొత్త టైముకీ నడుమ ఆమె అలా ఒక సందు చేసింది. ఆ సందులో సాంబమూర్తి నేసుకుంటూ పోయాడు. వంకర పోయిన మూరెడూ కోసేసి మళ్ళీ మొదలుపెట్టాడు. నాడె చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఎర్రంచు గీత గీసినట్టు దిగుతోంది.

గురువారం పొద్దున చౌడేశ్వరి నీళ్ళకి కాలవకి వెళ్ళింది. మగ్గం మీద ఇంకా బారెడు మిగిలుంది. అదే అదనుగా ఆదిశేషయ్య నేరుగా లోపలికొచ్చి, మగ్గం గుంట పక్కన గొంతుక్కూర్చున్నాడు. టైము గొడవ నాకొద్దురా, ఉన్నపళంగా లే, అక్కడ బృందమంతా కూర్చుని ఉంది, ఒక్క పాటకి వాయించి వద్దువుగాని అన్నాడు.

సాంబమూర్తి చేతిలో నాడె ఆగింది. కాళ్ళు గుంటలోంచి పైకి లేవబోయాయి. ఒక్క పాటంటే ఎంతో ఆయనకి తెలుసు. పాట తరవాత కాఫీ, కాఫీ తరవాత కబుర్లు, కబుర్ల తరవాత ఎండ. గుమ్మం వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"ఇప్పుడు కాదు బావా," అన్నాడు. గొంతు చిన్నగా, పెళ్ళిచూపుల్లో పిల్ల పేరు చెప్పినట్టు వచ్చింది. "రేపు సాయంత్రం."

సాంబమూర్తి ఏదో అవుతుందని, ఇంటికప్పు కూలుతుందనో, బావ కన్నీళ్ళు పెట్టుకుంటాడనో ఎదురుచూశాడు. ఏమీ కాలేదు. ఆదిశేషయ్య లేచి, పంచె దులుపుకుని, సరే రేపు సాయంత్రమే రా అని వెళ్ళిపోయాడు. సాంబమూర్తి కాళ్ళు మళ్ళీ చెక్కల మీద ఆనించి, నాడె విసిరాడు.

శుక్రవారం మొగుడూ పెళ్ళాం మధుపర్కాలు వెదురుబుట్టలో పెట్టుకుని కంకిపాడు వెళ్ళారు. వెంకటకృష్ణారావుగారి ఇంట్లో రోకళ్ళకి పసుపుకొమ్ములు కట్టి, ముత్తైదువలు పాటలందుకున్నారు. ఆయన బట్ట మడత విప్పి, అంచు రెండు వేళ్ళ మధ్య జారవిడిచారు. మళ్ళీ ఇంకోసారి జారవిడిచి, రాజ్యలక్ష్మిని పిలిచి చేతికిచ్చారు. ఆ పిల్ల దాన్ని చెంపకి ఆనించుకుని లోపలికి వెళ్ళింది. ఆయన మొహం విప్పారింది. వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టి మజ్జిగ తెప్పించి, మగపెళ్ళివారికి పెట్టడానికి అరడజను పంచెలు కూడా పెళ్ళిలోగా నేసి ఇమ్మన్నారు.

అలాగేనండీ అన్న మాట సాంబమూర్తి నాలిక చివరిదాకా వచ్చింది. గ్లాసెత్తి మజ్జిగతో పాటు దాన్నీ మింగేశాడు.

"పెళ్ళిలోగా కుదరదు బాబుగారూ," అన్నాడు మూతి తుడుచుకుని. "మాఘంలో అయితే ఇదే నేత ఇస్తాను."

వెంకటకృష్ణారావుగారు ఆయన గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోయించారు. లోపల రోకలిపోట్లు వినపడుతున్నాయి.

"అయితే మాఘంలోనే ఇయ్యి," అన్నారు.