పరివర్తనపు మీట

ఆశ్వయుజ మాసారంభమున, వర్షర్తువు వీడ్కోలు పలుకబోయి పలుకలేక నిలిచినట్లు, ధూమ్రవర్ణ జలధరపంక్తులు పూర్వసముద్రముపై గజయూథములవలె గుమిగూడి, ప్రాతస్సూర్యకిరణముల నడ్డగించి, విశాఖపట్టణపు కొండవాలులయందలి సౌధములకెల్ల సీసపువన్నె పూయుచుండెను. అట్టి యొక సౌధమున, మీట తాకిడి మొదలుకొని తెరమీది వెలుగువరకు కంప్యూటరు వ్యాపారమునెల్ల లోనుండి నడపు కెర్నెల్ అను మూలతంత్రమును రచించు చిన్నసంస్థ యొకటి కలదు. అందు సువర్చల యను ఇరువదియేడేండ్ల యువతి ఉద్యోగిని.

జపాను దేశీయుల కీబోర్డునందు మనకు లేని మీటలు కొన్ని యుండును. అందొకటి హెన్కన్, అనగా పరివర్తనపు మీట. పలికినట్లు వ్రాసిన యక్షరములను అది చిత్రలిపిగా మార్చును. ఆ మీటలను కెర్నెల్ గుర్తించునట్లు చేయుటయే సువర్చలకు అప్పగింపబడిన తొలి స్వతంత్రకార్యము. పదిదినములక్రితము పరీక్షించుచుండగా, ఆ మీటను నొక్కినంతనే యంత్రము శిలాప్రతిమవలె నిశ్చేష్టమయ్యెను. గడువు దగ్గరపడెనను తొందరచేతను తొలికార్యముననే అపకీర్తి వచ్చునేమోయను భీతిచేతను ఆమె దాని నార్పి మరల వెలిగించి, మరియొకమారు నొక్కి, ఏమియు జరుగకుండుట చూచి, కరెంటు తడబడియుండునని తన్ను తాను నమ్మించుకొని, మరునాడే తన రచనను విడుదలచేసెను.

ఆనాటి యుదయము తొమ్మిదిగంటలకు ఫోను మ్రోగెను. జపాను దక్షిణపుకొసనున్న చిన్నద్వీపమున, ఆ మూలతంత్రమునే వాడు రేవునకు అధికారిణియగు హనాయె, ఇరువురకును పరభాషయైన ఇంగ్లీషున, ఒక్కొక్క మాటను కూడదీసికొనుచు పలికెను.

“మా యంత్రము హెచ్చరిక వ్రాయుచుండగా మూడుమార్లు ఆగిపోయినది. సాయంకాలమునకు తుపాను మమ్ము తాకును. ముందుగాలికే రేడియోస్తంభము కూలినది. పందొమ్మిది పడవలింకను సముద్రముమీద నున్నవి. ఉపగ్రహముద్వారా పంపు ఈ వ్రాత తప్ప వారికి వేరు దిక్కు లేదు.”

“ఏ మీట నొక్కినప్పుడు ఆగినదండీ?”

“పరివర్తనపు మీట.”

అబద్ధమొకటి సువర్చల నాలుకకొసకు వచ్చి నిలిచెను. దానిని మ్రింగి, ఒక్కక్షణము వేచియుండుడని హనాయెను వేడుకొని, పెద్దయుద్యోగియగు చయనులుగారి గదిలోనికి పోయి పడవల సంగతి విన్నవించెను.

“అయ్యా, తప్పు నాది. పదిదినములుగా నెరుగుదును. దాచితిని.”

ఆయన కండ్లజోడు తీసి బల్లపై నుంచెను. “ఎందుకు దాచితివమ్మా?”

“భయపడితినండీ.”

“మరి ఇప్పుడో?”

“ఇప్పుడింకను భయముగా నున్నది.”

“ఉండనీ. ముందు పడవల సంగతి చూతము రా. నీ సంగతి పిమ్మట.”

ఇరువురును రచనను విప్పి చూడగా అరగడియలో దోషము దొరకెను. మీటలకై కేటాయించిన స్థానములు నూటయిరువదియెనిమిది. సున్నతో మొదలిడి లెక్కించుటచే కడపటిది నూటయిరువదియేడవ సంఖ్య. సువర్చల పరివర్తనపు మీటకు నూటయిరువదియెనిమిదవ సంఖ్య నొసగెను. అది తన హద్దు దాటి పొరుగుస్థానమున వ్రాయుచుండెను. ఆ పొరుగు ఖాళీగానున్నపుడు కీడు లేదు. లేనపుడు యంత్రమునకు మరణమే.

సువర్చల ఫోను చేతబూని, “అమ్మా, ఆ మీటను తాకకుడు. చిత్రలిపి వలదు. పలికినట్లే వ్రాయుడు,” అనెను.

“అది పసిపిల్లల వ్రాత. పడవవాండ్రు నవ్వుదురు.”

“నవ్వుటకైనను వారు బ్రతికియుండవలెను గదా!”

ఆవల నొక నిట్టూర్పు వినబడెను. పిమ్మట మీటల టకటకధ్వని.

సవరణ సిద్ధమగుటకు రెండుగంటలు పట్టెను. చయనులుగారు స్వయముగా ఆ మీటను నూరుమార్లు నొక్కిచూచి, “బాగున్నది. పంపుదువా?” యనెను. పంపినచో కళంకము వెంటనే తుడుచుకొనిపోవును. సువర్చల వ్రేలు మీటపై నిలిచెను. క్రొత్తరచనను ధరింపవలెనన్న ద్వీపమునందలి యంత్రమును ఆర్పి వెలిగింపవలెను. అది మరల వెలుగకున్నచో? నాడు తనకుండిన తొందరయే నేడును తన్ను నెట్టుచున్నదని యెరిగి ఆమె వ్రేలిని వెనుకకు తీసికొనెను.

“వలదండీ. గాలి వెడలిపోవువరకు పసిపిల్లల వ్రాతయే సాగనిండు.”

అటుపై చేయుటకేమియు లేదు. చేయుటకేమియు లేనివాని భయముకంటె పెద్దభయము లేదు. అన్నపుడబ్బా మూత తీయకయే సువర్చల ఫోనువంక చూచుచుండెను. ఒంటిగంటకు పదునొకండు పడవలు చేరినవని వార్త వచ్చెను. రెండుగంటలకు పదునెనిమిది. తదనంతరము ద్వీపమునుండి ఉలుకు లేదు, పలుకు లేదు. నాలుగుగంటలు దాటిన పిమ్మట హనాయె కంఠము సన్నగా వినవచ్చెను. పందొమ్మిదవ పడవ ఇల్లు చేరలేదు. కాని హెచ్చరిక నందుకొని ప్రక్కద్వీపపు చాటున లంగరు దించినది. అందలి నలువురును క్షేమము.

సువర్చల ఫోను పెట్టివేసి, ఇతరులు చూచుచున్నారన్న స్పృహ లేక, వెక్కివెక్కి యేడ్చెను.

మూడవనాడు సవరణతోబాటు సర్వులును చదువదగిన లేఖనొకదానిని ఆమె జతపరచెను. అందు స్థానసంఖ్యల పొరపాటు వాక్యద్వయమున ముగిసెను. పదిదినముల మౌనమును గూర్చి మాత్రము ఆరు వాక్యములుండెను. కడపటి మీటను నొక్కునపుడును ఆమె భయపడెను. ఆ భయమును ఆమె దాచలేదు. భయమను గుణమునందు దోషము లేదు. దానిని నోరెత్తనీయక మూలనుంచినవారికే అది మృత్యువగును, పదుగురియెదుట పలుకనిచ్చినవారికి కావలికాయును.