దర్జీ టేపులో ఆరు అంకె

పొద్దున్నే దుకాణం తలుపు తీసి, మిషనుకు రెండు చుక్కల నూనె పోసి, టేపు మెడలో వేసుకోవడం దర్జీకి ముప్పై ఏళ్ల అలవాటు. ఆ టేపు వాళ్ల నాన్నది. ఒంట్లో జబ్బు దాచుకున్నవాడికి చుడితే దాని అంకెలు చీమల్లా బిలబిలా జారి గుండీల డబ్బాలో దూరేవి. వాడు వైద్యం చేయించుకుంటేనే మళ్లీ టేపు ఎక్కేవి. వీధిలో అందరికీ తెలిసిందే. అంకెలు రాలితే, "ప్యాంటు తర్వాత కుడుదువులే అన్నా, ముందు ఆసుపత్రికి పోయొస్తా" అని లేచి వెళ్లేవాళ్లు.

తన ఒంటికి మాత్రం దర్జీ దాన్ని ఎన్నడూ చుట్టుకోలేదు. పాత ప్యాంటు పరిచి, దాని మీదే కొత్తది కత్తిరించుకునేవాడు. ఊరందరి కొలతలూ తీసేవాడికి తన కొలతంటే భయం! మగవాడి పిరికితనం అలాగే ఉంటుంది.

రెండేళ్ల కిందట అతని అంగం ముందుచర్మం మీద తెల్లటి మచ్చలు లేచాయి. దురద, మంట. చర్మం బిగుసుకుపోయి వెనక్కి రావడం మానేసింది. ఇంకొకడైతే ఏం చేసేవాడో గానీ, ఇతను దర్జీ. బిగిసిన గుడ్డను తడిపి సాగదీయడం చేతికొచ్చిన పని. గోరువెచ్చని నీళ్లతో తడిపి లాగాడు. చర్మం గుడ్డ కాదు. చిరిగింది, నెత్తురొచ్చింది, మానినచోటల్లా ఇంకా గట్టిపడింది. మూత్రం సన్నటి దారంలా వచ్చేదాకా ఓర్చుకుని, అప్పుడు వెళ్లాడు డాక్టరు దగ్గరికి.

"ఎవరు లాగమన్నారయ్యా నిన్ను?" అని కసిరాడు డాక్టరు. "ఈ మందు రోజుకోసారి పలచగా రాయి. అక్కడ సబ్బు పెట్టొద్దు. మూడు నెలలకు చూపించు. తగ్గినా సరే, ఆ తర్వాత ఆరు నెలలకోసారి రావాలి. మానని పుండుగానీ, గట్టి గడ్డగానీ కనిపిస్తే ఆ రోజే రా. నూటికి ఏ కొద్దిమందిలోనో ఇది క్యాన్సరుకు దారితీస్తుంది."

మందు పనిచేసింది. మచ్చలు తగ్గాయి, చర్మం వదులైంది. మూడు నెలలకు చూపించుకున్నాడు. ఆరు నెలలకు పోలేదు. తగ్గినదాన్ని మళ్లీ విప్పి చూపించడమేమిటి అనుకున్నాడు. మందు గొట్టం మిషను సొరుగులో ఎండిపోయింది. ఏడాది తిరిగేసరికి చిన్న పుండు లేచింది. దూది పెట్టుకుని తిరిగాడు. నడుంనొప్పి అని చెప్పి వేరే మంచం వేసుకున్నాడు.

చెల్లెలి కూతురి పెళ్లి దగ్గరపడింది. ఆ రోజు భార్య దుకాణానికి వచ్చింది.

"దీనికైనా కొలత తీసి కుట్టుకోండి. మేనమామ జారే ప్యాంటుతో నిలబడితే నలుగురూ నవ్వుతారు."

"నా కొలత నాకు తెలుసులేవే."

"ఆ, మీ నడక చూస్తేనే తెలుస్తోంది" అంటూ అతని మెడలోంచి టేపు లాగి నడుముకు చుట్టేసింది.

అంకెలు రాలాయి. ఒకటీ రెండూ కాదు, టేపంతా బోసిపోయింది. గుండీల డబ్బా గలగలలాడింది.

ఆమె డబ్బాకేసి చూసింది, మొగుడికేసి చూసింది. "ఎక్కడ?"

అతను నడుము కిందికి చూపించి తల దించుకున్నాడు.

"నన్ను దూరం పెట్టింది ఇందుకా? ఇంకెవరైనా ఉన్నారేమోనని ఇన్నాళ్లూ కుమిలిపోయాను కదండీ!"

"సిగ్గేసిందే."

"పాడెక్కాక చూపిస్తారా ఆ సిగ్గు? లేవండి."

డాక్టరు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. జవాబు వచ్చిన రోజు కసరలేదు. "ఇప్పుడే మొదలైంది, లోతుకు దిగలేదు. ముందుచర్మం తీసేస్తే సరిపోతుంది. ఇంకో ఏడాది దాచి ఉంటే చర్మంతో పోయేది కాదు" అన్నాడు మెల్లగా. బయట బల్ల మీద కూర్చున్న భార్య చెయ్యి పట్టుకుని దర్జీ చాలాసేపు ఏడ్చాడు.

పెళ్లిలో మేనమామ జారే ప్యాంటుతోనే నిలబడ్డాడు. కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి మరి. ముందుగా నవ్వింది భార్యే.

అంకెలన్నీ టేపు ఎక్కాయి. కానీ ఆరు నెలలు నిండినప్పుడల్లా, ఎవరికీ చుట్టకుండానే, ఆరు అంకె ఒక్కటే జారి డబ్బాలో పడుతుంది. ఆ చప్పుడు వినగానే దర్జీ కత్తెర పక్కన పెట్టి, తలుపు దగ్గరికి వేస్తాడు.

"ఎక్కడికన్నా, పని మధ్యలో వదిలేసి?" అంటారు వచ్చినవాళ్లు.

"కొలత ఇచ్చి రావాలి" అంటాడు దర్జీ, తల దించకుండా.