తొంభై అయిదు మీద ముల్లు

హనుమకొండ సుబేదారిలో, కాంట్రాక్టరు రాజేశ్వర్ రావు ఇంటి వాకిట్లో, అయిదుగురు ఆడవాళ్లు చూస్తుండగా చిలుకమ్మ ముక్కు నేలకు రాసింది. ఎనభై మూడు డిసెంబరు నెల అది. పద్దెనిమిదేళ్లుగా ఆ ఇంటి బట్టలు వడ్డేపల్లి చెరువుకు మోసి ఉతికి తెచ్చిన మనిషి, తాను చెయ్యని తప్పుకు రాసింది.

అంతా ఒక పట్టుచీర వల్ల వచ్చింది. నెమలికంఠం రంగు, బెత్తెడు ఎర్రంచు. పెళ్లిరోజుకని రాజేశ్వర్ రావు స్వయంగా ఏరి తెచ్చిన చీర. దానికి ఆర్నెల్ల ముందు ఆ ఇంటికి బట్టలుతికే మిషను ఒకటి వచ్చింది. హైదరాబాదులో ఏదో ఫ్యాక్టరీ నిలబెట్టడానికి వచ్చిన జర్మనీ ఇంజనీరు తన దేశం పోతూ అమ్ముకున్నది. ముందువైపు గుండ్రటి అద్దం తలుపు, పైన గుండ్రంగా తిరిగే ముల్లు, దాని చుట్టూ అంకెలు, బొమ్మలు. దాంతోపాటు వచ్చిన పుస్తకం జర్మనీ భాషలో ఉంది. వరంగల్ మొత్తంలో దాన్ని చదివే వాళ్లు లేరు. రాజేశ్వర్ రావు భార్య రత్నమాల తనకు తోచిన అంకె మీద ముల్లు పెట్టేది. మిషను బరబరా తిరిగేది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి వింతగా చూసిపోయేవాళ్లు.

మిషను వచ్చాక చిలుకమ్మకు ఆ ఇంట్లో పట్టు, ఉన్ని బట్టలే మిగిలాయి. ఆ రోజు దొరసాని రత్నమాల ఇచ్చిన మూటను చెరువు దగ్గర విప్పితే అడుగున ఆ చీర తడితడిగా ఉంది. అంచు ఎరుపు ఒళ్లంతా పాకింది. పట్టు మెరుపు పోయి, నలిపి పారేసిన కాగితంలా ముడతలు పడింది. చిలుకమ్మ నీళ్లలో ముంచకుండానే తిరిగి తెచ్చింది.

"దొరసానమ్మా, గిది మూటలనే గిట్లున్నది. నేను తాకనన్న తాకలే" అంది.

వాకిట్లో మహిళామండలి ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. రత్నమాల మొహం ఒక్క క్షణం పాలిపోయింది. మొగుడికి ఏం చెప్పాలన్న భయం ఆ క్షణంలో చిలుకమ్మకు స్పష్టంగా కనబడింది. మరుక్షణం ఆ చీర వచ్చి చిలుకమ్మ మొహాన పడింది.

"సౌడు మట్టి నీళ్లల్ల ఉడకబెట్టి తెచ్చి, మూటలనే ఉన్నదంటవా? ఎంత ధైర్యమే నీకు! ముక్కు నేలకు రాయి. లేకుంటే ఈ గల్లీల ఏ ఇల్లూ నీకు బట్ట వెయ్యదు."

ఏడిండ్లు చిలుకమ్మకు ఆధారం. మొగుడు పోయి నాలుగేళ్లు. ఆమె వంగి ముక్కు రాసింది. గచ్చు చల్లగా ఉంది. లేచి చూస్తే ఒక్కరూ ఆమె కళ్లల్లోకి చూడలేదు. లోపలి గదిలోంచి రాజేశ్వర్ రావు తల్లి, పెద్ద దొరసాని మాత్రం, "ఏమైందే? దాన్నెందుకు తిడుతున్నవ్?" అని అడుగుతూనే ఉంది.

ముక్కు రాసినా ఇండ్లు దక్కలేదు. వారం తిరిగేసరికి ఏడిండ్లలో అయిదు మానుకున్నాయి. చిలుకమ్మ ఆ చీరను పారెయ్యలేదు. మడతపెట్టి రేకుపెట్టెలో దాచింది. మనిషి చస్తే కాష్టంతో పోతుంది, పగ అట్లా పోదు. రోజూ పెట్టె మూత తీసి ఒకసారి చూసుకునేది.

కాజీపేటలో ఆమె అక్క రాజక్క మిషనరీ దవాఖానలో బట్టలుతికే పని చేసేది. చెల్లె కథ విని, "ఏడ్సుకుంట కూసుంటే ఏమొత్తదే? మా దగ్గర మనుషులు తక్కువున్నరు, రా" అని తీసుకుపోయింది.

దవాఖాన వెనక రేకుల షెడ్డులోకి అడుగుపెట్టిన చిలుకమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఎదురుగా అదే గుండ్రటి అద్దం, అదే ముల్లు. రత్నమాల ఇంటి మిషనుకు అన్నలాంటిది, దానికి రెండింతల పెద్దది. జర్మనీ నుంచి చందాగా వచ్చిందట. దాన్ని చూసుకునేది సిస్టర్ ఎలిస్వా అనే మలయాళీ సన్యాసిని. పొట్టి మనిషి, కోపం ఎక్కువ, తెలుగు తక్కువ.

"నువ్వు చదువుతావా?" అని అడిగింది సిస్టర్.

"రాదు సిస్టరమ్మా. గని గుర్తులు యాదివెట్టుకుంట. మా ఇండ్లల్ల ఒక్కో ఇంటి బట్టకు ఒక్కో గుర్తు పెడ్తం, జీడిగింజ రసంతోని. మూడు సుక్కలు డాక్టరుగారి ఇల్లు, కొడవలి గీత పట్వారి ఇల్లు. మా వాడోళ్లు ఉతికే నలభై ఇండ్ల గుర్తులు నాకు నోటికొత్తయి."

సిస్టరుకు ఆ మాట నచ్చింది. ముల్లు చుట్టూ ఉన్న ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి చెప్పుకొచ్చింది. ముప్పై అంటే గోరువెచ్చన. నలభై రంగుబట్టలకు. అరవై దుప్పట్లకు. తొంభై అయిదంటే నీళ్లు మరిగే వేడి, రక్తం అంటిన తెల్లబట్టలకే. దారపు ఉండ బొమ్మ ఉన్నిది. అక్కడ మిషను మెల్లగా, ఊయల ఊపినట్టు ఊపుతుంది. సుడిగుండం బొమ్మ నీళ్లు పిండేది. సీమబట్టల మెడ దగ్గర కుట్టిన చిన్న గుడ్డపేలిక మీద తొట్టి బొమ్మ, అందులో చెయ్యి ఉంటే, అది చేత్తోనే ఉతకాలి. బొమ్మ మీద ఇంటూ కొట్టి ఉంటే ఆ పని చెయ్యనే కూడదు.

చిలుకమ్మ ఒక్కసారి విన్నది మళ్లీ అడగలేదు. కాని తొంభై అయిదు దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. రత్నమాల ముల్లు ఎప్పుడూ ఆ చివరి అంకె మీదే నిలబడటం ఆమె కళ్లారా చూసింది.

అనుమానం ఉంటే చాలదు, రుజువు కావాలి. ఆమెకు ఉన్నది ఒకే ఒక్క పట్టుబట్ట, పెళ్లినాటి రవిక. ఒకరోజు దాన్ని తెచ్చి, తెల్ల దుప్పట్లతోపాటు మిషనులో వేసి ముల్లు తొంభై అయిదుకు తిప్పింది. గంటకు పైగా తిరిగి ఆగింది. రవికను తీసి, పెట్టెలోంచి తెచ్చిన చీర పక్కన పరిచింది. అవే ముడతలు. అంచు రంగు పాకిన తీరూ అదే. ఒకే దెబ్బకు పడ్డ రెండు శవాల్లా ఉన్నాయి.

సిస్టర్ చూసి నెత్తి కొట్టుకుంది. "అయ్యో, పట్టు ఎందుకు వేసినావు? దుప్పటి కూడా పాడు! నేను చెప్పలేదా?"

"చెప్పినవ్ సిస్టరమ్మా. కండ్లతోని సూడాలని ఏసిన."

పెళ్లిరవిక పోయినందుకు ఆమె ఏడవలేదు. ఆ సాయంత్రం రెంటినీ ఒకే మూటలో కట్టి పెట్టెలో పెట్టింది. ఇక ఎదురుచూడటమే మిగిలింది.

ముక్కు రాసి ఎనిమిది నెలలు గడిచాయి. శ్రావణమాసంలో రాజేశ్వర్ రావు జీపు నడిపే కొమురెల్లి దవాఖాన షెడ్డుకు వచ్చాడు.

"చిలుకక్కా, మా ఇంట్ల మిషను ఆగిపోయింది. లోపట నీళ్లు నిలవడ్డయి, పోతలెవ్వు. హనుమకొండల బాగుజేసెటోడు దొరుకుతలేడు. నువ్వు జర్మనీ మిషను నడుపుతానవని ఎవరో చెప్తే, దొరసాని తోల్కరమ్మన్నది."

"నన్ను రమ్మన్నదా?" అని చిలుకమ్మ నవ్వింది. "శుక్రవారం సెలవు తీసుకుంట. పొద్దుగూకక ముందు వస్త."

శ్రావణ శుక్రవారం ఆ ఇంట్లో పేరంటం ఉంటుందని, ఆ అయిదుగురూ తప్పకుండా వస్తారని ఆమెకు తెలుసు.

ఆ రోజు ఆమె సంకలో మూటతో, పెరటి దారిని కాకుండా ముందు వాకిలి నుంచే లోపలికి వచ్చింది. రత్నమాల పాత సంగతి ఎత్తలేదు. "అదిగో, చూడు" అని మిషను వైపు చెయ్యి చూపింది. చిలుకమ్మ, దవాఖానలో సిస్టర్ చేసినట్టే, మిషను కిందిభాగంలో చిన్న మూత తిప్పి తీసింది. బురదనీళ్లు, రెండు పిన్నీసులు, ఒక గుండీ, పీచు ముద్ద బయటపడ్డాయి. మూత బిగించి సుడిగుండం బొమ్మ మీద ముల్లు పెట్టింది. నిలిచిన నీళ్లు గడగడా బయటికి పోయాయి. పేరంటాళ్లు "అబ్బో!" అన్నారు.

"మా దగ్గర పెరిగిన మనిషే గదా" అంది రత్నమాల.

చిలుకమ్మ చేతులు తుడుచుకుంది. "దొరసానమ్మా, ఒక్కటి అడుగుత. మీరు ఉతికేటప్పుడు ముల్లు ఏడ పెడ్తరు?"

అందరూ చూస్తున్నారు. తెలియదంటే చిన్నతనం. "ఎప్పుడూ ఇక్కడనే. ఎక్కువ నంబరు పెడితే ఎక్కువ తెల్లగైతది" అని రత్నమాల ముల్లు తొంభై అయిదు మీదికి తిప్పి చూపింది.

"పట్టుకు గూడనా?"

"పట్టుకైనా, ఉన్నికైనా అంతే. ఇది జర్మనీ మిషను. సాకలోళ్ల తీరు బట్టను బండకేసి కొట్టదు."

"అట్లనా. అయితే ఒక ఉన్ని బట్ట ఏసి సూపియ్యుండ్రి. అందరం నేర్సుకుంటం."

పక్కింటి హెడ్మాస్టరు భార్య ముందుకు వంగింది. "చూపించు రత్నమాలా, మేం తిరుగుతుంటే చూడనే లేదు." రత్నమాల కళ్లు చిలుకమ్మ మొహం మీద ఒకసారి ఆగాయి. ఆ చూపులో భయం ఉంది. తన అంకె సరైనదేనా అన్న అనుమానం ఆమెకూ ఎప్పటినుంచో ఉన్నదేమో. కాని వెనక్కి తగ్గితే ఆ చీర సంగతి ఒప్పుకున్నట్టే. గబగబా లోపలికి పోయి, అత్త నిద్రపోతున్న గదిలోంచి చేతికి దొరికింది తెచ్చింది.

చిలుకమ్మ దాన్ని చూసి గతుక్కుమంది. అది పెద్ద దొరసాని కాశ్మీరు శాలువ. ఎనభై ఏళ్ల మనిషి, వానాకాలంలోనూ వణుకుతుంది, ఆ శాలువ లేకుండా మంచం దిగదు. పద్దెనిమిదేళ్లు దాన్ని చిలుకమ్మే కుంకుడు నురగలో ముంచి, పిండకుండా నీడలో ఆరేసింది. ఎండు మందారం రంగు, తమలపాకంత మెత్తన.

"ఇది వద్దు" అన్న మాట నోటిదాకా వచ్చింది. నోట్లోనే ఆగిపోయింది.

అద్దం తలుపు పడింది. రత్నమాల తన చేత్తోనే మీట నొక్కింది. నీళ్లు పడ్డాయి, శాలువ తిరగడం మొదలైంది. గంటకు పైగా ఆ పని జరిగింది. పేరంటాళ్లు పసుపు రాసుకున్నారు, శనగలు కొంగున పోసుకున్నారు, పాటలు పాడారు. చిలుకమ్మ మాత్రం మిషను ముందు బాసిపట్టు వేసుకుని కూర్చుంది. అద్దం మెల్లమెల్లగా వేడెక్కింది. నీళ్లు ఎర్రబారాయి. నీళ్లు మరగకముందు ఏ నిమిషమైనా లేచి ముల్లు తిప్పి ఆపితే శాలువ దక్కేది. ఆ సంగతి ఆ ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు.

లోపలి గదిలోంచి ముసలామె గొంతు వినబడింది. "నా శాలువ ఏదే? సలివెడుతాంది. ఎవరు తీసిన్లు?"

చిలుకమ్మ పళ్లు బిగించింది. ఆ గచ్చు చల్లదనం ఇంకా ముక్కు మీద ఉన్నట్టే ఉంది. కదలలేదు.

మిషను ఆగింది. తలుపు తీసింది చిలుకమ్మే. చేతిలోకి వచ్చింది శాలువ కాదు. తువ్వాలంత ముక్క, దళసరిగా, అట్టలా బిగుసుకుపోయి ఉంది. పాటలు ఆగాయి. ఆమె దాన్ని గచ్చు మీద పరిచి, సంకలోని మూట విప్పి, పక్కన పట్టుచీర, ఆ పక్కన రవిక పరిచింది.

"సూడుండ్రి అమ్మా. ఈ చీర దొరసానమ్మది. ఈ రవిక నాది, పరీక్షకు నేనే ఏసిన. ఈ శాలువ మీరు సూత్తాంటనే ఏసింది. మూడింటికీ ఒకటే రోగం. నేను సౌడు నీళ్లల్ల ఉడకబెట్టిన్నని ఆ రోజు ఎవరెవరు నమ్మిన్లో, ఇయ్యాల్ల గూడ వాళ్లే ఉన్నరు. బాగ సూడుండ్రి."

హెడ్మాస్టరు భార్య శాలువ ముక్కను వేలితో తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. "అంటే అప్పుడు నువ్వు..." అని రత్నమాల వైపు తిరిగింది. పసుపు పూసిన రత్నమాల కాళ్లు అక్కడే పాతినట్టు నిలబడ్డాయి.

"ముక్కు రాయుమని నేనడుగ" అంది చిలుకమ్మ. "రాసినా మీది అరుగదు, నాది మానదు. మీరు రోజూ ఈ గచ్చు మీదనే నడువాలె. గది సాలు నాకు."

అప్పుడు కర్ర చప్పుడైంది. పెద్ద దొరసాని గోడ పట్టుకుంటూ వచ్చి వంగి, ఆ ముక్కను తీసి భుజాన వేసుకోబోయింది. అది ఒక భుజానికే చాలలేదు. జారిపోయింది. మళ్లీ వేసుకుంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి, తాంబూలాలు కూడా తీసుకోకుండా గేటు దాటారు.

చిలుకమ్మ ఆ రోజు కాజీపేట దాకా నడిచే పోయింది. ఎనిమిది నెలల తరవాత కడుపునిండా అన్నం తిన్నది. రాజక్కకు కథ మూడుసార్లు చెప్పింది, మూడుసార్లూ ముసలామె ఊసు ఎత్తలేదు.

సుబేదారి ఇండ్లవాళ్లు మళ్లీ రమ్మని కబురు పెట్టారు. ఆమె పోలేదు. రత్నమాల మహిళామండలికి రావడం మానేసిందని, మిషను మీద దుప్పటి కప్పి మూలకు పెట్టారని కొమురెల్లి చెప్తే, "మంచిగైంది" అంది. ఆ మాట అన్నందుకు ఎన్నడూ చింతించలేదు.

కార్తీకంలో చలి ముదిరింది. ఒకరోజు చిలుకమ్మ గొర్ల పోశయ్య దగ్గర కొత్త గొంగడి ఒకటి తీసుకుని సుబేదారి పోయింది. తలుపు తీసింది రత్నమాల. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. రత్నమాల పక్కకు జరిగింది.

పెద్ద దొరసాని మంచంలో ముడుచుకుని ఉంది. చిలుకమ్మ గొంగడి కప్పింది.

"గుచ్చుకుంటాందే" అంది ముసలామె.

"కొత్తది గదవ్వా. వాడంగ వాడంగ మెత్తవడ్తది."

ముసలామె గొంగడి అంచును వేళ్లతో తడిమింది. "ఆ రోజు నువ్వు మిషను ముందల్నే కూసున్నవట."

"కూసున్న."

"అది ఖరాబైతదని నీకెరుకేనా?"

"ఎరుకే అవ్వా."

"జర చెప్పొచ్చు గదనే."

"చెప్పొచ్చు" అంది చిలుకమ్మ. "చెప్పలే."

ముసలామె గొంగడిని గడ్డం దాకా లాక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది.