లోపలి మాడ్యూలు

ప్రసూన మొగుణ్ణి ఇడిసింది వేరే దేనికీ కాదంట, కంప్యూటర్ ప్రోగ్రాం కోసరమంట అని ప్రొద్దుటూరులో వాళ్ల పక్కింటి ఇందిరమ్మ మా అత్తతో చెప్పిందంట. ఆ మాటలో సగమే నిజం.

మొగుడు వివేక్‌ది పులివెందుల. పెండ్లయినాక ఇద్దరూ కలిసి చీనీకాయలు, అదే బత్తాయిలు, అమ్మే మండీలకని ఒక ప్రోగ్రాం రాసినారు. ప్రోగ్రాంలో ఒక్కో భాగాన్ని మాడ్యూలు అంటారు. పెద్ద మాడ్యూలు వివేక్‌ది. దాని లోపల ప్రసూన రాసిన చిన్నవి ఆరు.

జమ్మలమడుగులో పెద్దమనిషి నారాయణ ఇంట్లో పంచాయితీ. బీరువా, బిందెలు, నగల పంపకం తెగింది. ప్రోగ్రాం మిగిలింది.

"దానికేముంది, చేనికి గట్టు ఏసినట్ల నడిమికి తెంచుదాం" అన్నాడు నారాయణ.

"తెగదు మామా" అని ప్రసూన ల్యాప్‌టాప్ తెరిచింది. "లోపల ఉన్నంత మాత్రాన పైదాంట్లో ఏముందో చిన్నదానికి తెలీదు. పైదాంట్లోవి నాకు కావాల అని మొదటి వరసలో అడిగి తెచ్చుకోవాల. నా ఆరింట్లోనూ ఆ వరస ఉంది."

ఒకదాంట్లో ఆ వరస చెరిపి చూపించింది. తప్పుందని తెర నిండా ఎర్ర గీతలు.

నారాయణ తొడ చరిచినాడు. "చూసినావా పాపా! ఆయప్పను తీసేస్తే నీది నిలబడల్యా. మిషినే చెప్తాంది. గమ్మున మూట సర్దుకోని పులివెందులకు పో."

అందరూ నవ్వినారు. ఆశ పుట్టి ప్రసూన తల్లి పెంచలమ్మ గూడా నవ్వింది.

"రా, ఇంటికి పోదాం" అన్నాడు వివేక్.

పోవాలనే ఉంది ఆమెకు. నాలుగు నెలల కిందట కడుపు పోయి ఆస్పత్రిలో పండుకున్నప్పుడు, ఎట్లుందని ఒక్క మాట అడుగుతాడేమోనని మూడు దినాలు తలుపు దిక్కే చూసింది. ఆయన ఆ తలుపు దగ్గరే నిలబడి ఫోన్లో చీనీకాయల రేటు మాట్లాడతాండె.

ప్రసూన చెరిపిన వరస మళ్లీ రాసింది. ఎర్ర గీతలు పోయినాయి. తర్వాత వివేక్ రాసిన పెద్ద మాడ్యూలు తెరిచి, తన ఆరింటి పేర్లూ ఒక్కొక్కటే కొట్టి వెతికింది. ఆరుసార్లూ సున్నానే వచ్చింది.

"ఏందిమ్మా ఎతుకుతాండావు? బస్సు టైమయితాంది" అన్నాడు నారాయణ.

ప్రసూన ల్యాప్‌టాప్ ఆయన దిక్కు తిప్పింది.

"నేను ఆయప్పను అడిగిన వరసలు ఆరుండాయి మామా. ఆయప్ప నన్ను అడిగింది ఒక్కటి చూపించు, ఇప్పుడే బస్సెక్కుతా."